విడవని నొప్పిని అదుపులోకి తెచ్చుకోవడం ఎలా: ఎనిమిది వారాల క్రమం

బీచ్‌లో నడిస్తే మోకాళ్లకు మంచిదా? ప్రాణాయామంతో నడుము నొప్పి తగ్గుతుందా? ఉప్పు కాపడం రోజూ పెట్టుకోవచ్చా? విశాఖ పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలివి. ఒక్కోదానికి విడిగా జవాబు చెప్పవచ్చు. కానీ చాలామంది దెబ్బతినేది ఏం చేయాలో తెలియక కాదు. ఏది ముందు చేయాలో, ఎంత చేయాలో తెలియక. అందుకే ఇక్కడ వరుస, మోతాదు రెండూ ఇస్తున్నాను.

మూడు నెలలు దాటినా విడవని నడుము, మెడ, మోకాలు, భుజం నొప్పులకు, ఒళ్లంతా పీకే నొప్పులకు ఈ క్రమం పనికొస్తుంది. నిన్న జారిపడి చేయి వాచినవారికి కాదు. ఇంకో మాట ముందే చెప్పాలి. ఇందులో ఏదీ అరిగిన మోకాలి గుజ్జును తిరిగి పెంచదు. నొప్పి తీవ్రత, కండరాల బిగుతు, కదలాలంటే భయం, నిద్ర, రోజులో చేసుకోగలిగే పని మాత్రం మారతాయి. అదేమీ చిన్న లాభం కాదు.

1. ముందు ఇది చూసుకోండి: ఇంట్లో ప్రయోగాలు చేయకూడని నొప్పులు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

- మూత్రం, మలం మీద అదుపు తప్పడం, మూత్రం రాకపోవడం, తొడల మధ్య మొద్దుబారడం
- కాలో చేయో బలహీనపడటం, నడుస్తుంటే పాదం ఈడ్చుకుపోవడం
- ఛాతీలో నొప్పి, బరువు. అది దవడకో చేతికో పాకడం
- ఎన్నడూ ఎరగనంత తీవ్రమైన తలనొప్పి ఉన్నట్టుండి రావడం
- ఒక కీలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం కూడా ఉండటం
- ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం
- నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం. గతంలో క్యాన్సర్ లేదా టీబీ వచ్చి ఉండటం
- పడుకున్నా తగ్గకుండా రాత్రిళ్లు నిద్రలేపే నొప్పి రోజురోజుకూ పెరగడం
- పెద్ద వయసులో, లేదా చాలాకాలం స్టెరాయిడ్లు వాడాక, చిన్నగా జారినా మొదలైన నడుము నొప్పి

మొదటి నాలుగింటికి తెల్లవారే వరకు ఆగకూడదు. 108కి ఫోన్ చేయండి, లేదా కేజీహెచ్ వంటి పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి నేరుగా వెళ్లండి. కీలు వాపు, పిక్క వాపు అదే రోజు చూపించాలి. పిక్క వాచినప్పుడు ఇంట్లో ఎవరైనా నూనె రాసి నలుస్తామంటే వద్దనండి. రక్తనాళంలో గడ్డ కట్టి ఉంటే నలిపినందువల్ల అది కదిలే ప్రమాదం ఉంది.

ఇవేవీ లేకపోయినా, ఒక్కసారైనా డాక్టరు పరీక్షించి నొప్పికి కారణం చెప్పి ఉండాలి. అది లేకుండా రెండో మెట్టుకు రావద్దు.

2. సిద్ధం చేసుకోవలసినవి

- చక్రాలు లేని, గట్టి కుర్చీ ఒకటి. గోడకు ఆనించి ఉంచండి.
- మందపాటి దుప్పటి, రెండు దిండ్లు
- రబ్బరు వేడినీళ్ల సంచి, తువ్వాలు
- నోటు పుస్తకం, పెన్ను
- ఫోనులో టైమరు

కొత్త యోగా చాప, మసాజ్ యంత్రం, మోకాలి తొడుగులు ఇప్పుడే కొనకండి. నడుము బెల్టు గురించి చాలామంది అడుగుతారు. దీర్ఘకాలిక నడుము నొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు మామూలు చికిత్సగా బెల్టులను, నడుమును సాగదీసే ట్రాక్షన్‌ను సిఫారసు చేయలేదు. ఆపరేషన్ తర్వాతో, ఎముక విరిగినప్పుడో డాక్టరు పెట్టుకోమంటే అది వేరే సంగతి.

3. మొదటి వారం: పుస్తకం రాయడం

రోజుకు మూడు సార్లు, ఉదయం, మధ్యాహ్నం, పడుకునే ముందు, రెండేసి వాక్యాలు చాలు. వాటిలో ఉండవలసినవి:

- 0 నుంచి 10 వరకు నొప్పి అంకె (0 అంటే లేదు, 10 అంటే ఊహించగలిగినంత)
- నొప్పి తీరు: సలుపు, పోటు, పీకడం, లాగడం, మంట, తిమ్మిరి, జివ్వుమనడం
- అంతకు ముందు రెండు గంటల్లో చేసిన పని
- రాత్రి నిద్ర ఎన్ని గంటలు, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది
- వేసుకున్న మాత్ర పేరు, సమయం

నొప్పి తీరును తేలిగ్గా తీసుకోవద్దు. మంట, సూదులు గుచ్చినట్లు, కరెంటు కొట్టినట్లు అని రాస్తున్నారంటే నరానికి సంబంధించిన నొప్పి అయి ఉండవచ్చు. దానికి వాడే మందులు వేరు. మామూలు నొప్పి బిళ్లలు దానికి పెద్దగా పనిచేయవు. డాక్టరుకు చెప్పవలసిన మొదటి మాట ఇదే.

చివరి పేజీలో ఒక లక్ష్యం రాసుకోండి. ‘నొప్పి పోవాలి’ అని రాయకండి. పని పేరు రాయండి. పూర్ణా మార్కెట్‌కు వెళ్లి కూరగాయలు తెచ్చుకోవడం. మనవరాలిని స్కూలు బస్సు దాకా దించి రావడం. గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా బస్సులో కూర్చుని రాగలగడం. అంకె ఒకరోజు ఆరు, మరునాడు నాలుగు అంటూ ఊగుతూనే ఉంటుంది. పని మాత్రం అయిందో లేదో కచ్చితంగా తెలుస్తుంది.

4. మొదటి వారం నుంచే: శ్వాస

వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. పడుకోలేనివారు కుర్చీలో వెనక్కి ఆనుకోవచ్చు. ఒక చేయి ఛాతీ మీద, ఒక చేయి పొట్ట మీద ఉంచండి.

1. ముక్కుతో మెల్లగా, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు గాలి పీల్చండి. పొట్ట మీది చేయి లేవాలి, ఛాతీ మీదిది దాదాపు కదలకూడదు.
2. ఊపిరి బిగపట్టకుండా, ఆరు అంకెలు లెక్కపెట్టేంత సేపు వదలండి.
3. ఇలా ఐదు నిమిషాలు, రోజుకు రెండు సార్లు.

ఈ లెక్కన నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి. నెమ్మదిగా, నిడివిగా గాలి వదిలినప్పుడు గుండె వేగం తగ్గుతుంది, భుజాలూ దవడా వదులవుతాయి. నొప్పి వచ్చినప్పుడు ఒళ్లు దానంతట అదే బిగుసుకుంటుంది. ఆ బిగుతు మళ్లీ నొప్పిని పెంచుతుంది. ఆ గొలుసులో మన చేతికి అందే మొదటి లంకె శ్వాస.

ఎక్కడ తప్పుతుంది: ‘దీర్ఘ శ్వాస’ అనగానే ఛాతీ పొంగించి పెద్దగా పీలుస్తారు. తల తిరుగుతుంది, పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతుంది. శ్వాస లోతు ఎక్కువైందని గుర్తు. తక్కువ గాలి, నెమ్మదిగా. నాలుగు, ఆరు కష్టమైతే మూడు, నాలుగుతో మొదలుపెట్టండి.

రక్తపోటు, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవారు, గర్భిణులు కపాలభాతి, భస్త్రిక, ఊపిరి బిగపట్టే కుంభకాలు సొంతంగా చేయకూడదు. నొప్పికి అవి అవసరమూ లేదు.

5. రెండో వారం: కండరాలను బిగించి వదలడం

రాత్రి పడుకునే ముందు చేయండి. పాదాలతో మొదలుపెట్టి, వరుసగా పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు, ముఖం. ఒక్కో చోట ఐదు సెకన్లు సగం బలంతో బిగించి, ఇరవై సెకన్లు పూర్తిగా వదిలేయండి. వదిలినప్పుడు ఆ భాగం ఎలా ఉందో గమనించండి. అసలు అభ్యాసం ఆ ఇరవై సెకన్లలోనే ఉంది. మొత్తం పది, పన్నెండు నిమిషాల పని.

నొప్పి ఉన్న భాగాన్ని బిగించవద్దు. దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్లండి. పిక్కలు పట్టేసేవారు పాదాన్ని కిందికి చాచకుండా, వేళ్లను తమవైపు లాక్కోవాలి.

మధ్యలోనే నిద్ర పట్టేస్తోందని కొందరు ఫిర్యాదు చేస్తారు. అది ఫిర్యాదు చేయవలసిన విషయం కాదు.

6. మూడో వారం: నొప్పిని గమనించడం

అందరికీ నచ్చని మెట్టు ఇది. శవాసనంలో పడుకుని, అరికాళ్ల నుంచి తల దాకా దృష్టిని మెల్లగా జరపండి. నొప్పి ఉన్న చోటికి వచ్చినప్పుడు పారిపోకుండా నాలుగైదు శ్వాసల పాటు ఆగండి. దాని అంచులు ఎక్కడున్నాయి? లోపలా, పైపైనా? నిలకడగా ఉందా, అలలుగా వస్తోందా? ‘ఇంక ఇంతే, ఇది తగ్గేది కాదు’ అన్న ఆలోచన వస్తే, అది ఆలోచన అని గుర్తించి మళ్లీ ఒంటి మీదికి రండి. పది నిమిషాలు చాలు.

నొప్పి తగ్గిందా లేదా అని మధ్యమధ్యలో తనిఖీ చేసుకోవడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు. నొప్పి ఉన్నా దాని చుట్టూ అల్లుకున్న భయం, విసుగు పలచబడటమే దీని పని. గమనిస్తే నొప్పి మరీ పెరుగుతోందనిపిస్తే దృష్టిని అరచేతుల్లోకి మార్చండి. కళ్లు మూసుకుంటే ఆందోళన కలిగేవారు తెరిచే ఉంచవచ్చు. ఏళ్ల తరబడి జపం చేసే అలవాటున్నవారికి కొత్త పద్ధతి అక్కర్లేదు. అదే జపాన్ని శ్వాసతో కలిపి, తొందర లేకుండా చేసుకుంటే సరిపోతుంది.

దీర్ఘకాలిక నడుము నొప్పికి మాత్రల కంటే ముందు వ్యాయామం, యోగా, ఇలాంటి ధ్యాన శిక్షణ, కండరాల సడలింపు ప్రయత్నించమని అమెరికా వైద్యుల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్) 2017 మార్గదర్శకాల్లో చెప్పింది. ధ్యానం అనగానే ‘నొప్పి అంతా నా ఊహేనంటారా?’ అని నొచ్చుకునేవారి కోసం ఈ మాట చెబుతున్నాను. నొప్పి నిజం. దాన్ని పెంచి, తగ్గించే యంత్రాంగంలో మెదడు కూడా భాగం కాబట్టే ఇది పనిచేస్తుంది.

7. మూడో వారం నుంచి: నడక, మోతాదు లెక్క

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

నొప్పి ఉన్నవారిలో ఎక్కువమంది రెండు రకాల రోజులే గడుపుతారు. బాగున్న రోజు పేరుకుపోయిన పనంతా చేసేస్తారు. తర్వాత మూడు రోజులు మంచం పడతారు. సింహాచలం గిరి ప్రదక్షిణ దీనికి మంచి ఉదాహరణ. ఏడాదంతా వీధి చివరి దాకా నడవనివారు ఆషాఢంలో ఒక్క రాత్రి 32 కిలోమీటర్లు నడుస్తారు, ఆ తర్వాత వారం రోజులు మెట్టు దిగలేరు. తప్పు భక్తిలో లేదు, మోతాదులో ఉంది. వచ్చే ఏడాది వెళ్లాలనుకుంటే ఈ లెక్క ఇప్పుడే మొదలుపెట్టండి.

1. మూడు రోజులు, మామూలు వేగంతో నడవండి. నొప్పి పెరగడం మొదలైన క్షణంలో టైమరు చూడండి. ఉదాహరణకు 12, 8, 10 నిమిషాలు.
2. సగటు తీయండి: 10 నిమిషాలు.
3. అందులో ఐదో వంతు తగ్గించండి: 8 నిమిషాలు. ఇదే మీ మోతాదు.
4. వారం రోజులు అంతే నడవండి. హాయిగా ఉన్న రోజు కూడా 8 నిమిషాలే. నలతగా ఉన్న రోజు రెండు విడతలుగానైనా 8 నిమిషాలు.
5. వారానికి పదో వంతు చొప్పున, అంటే ఇక్కడ దాదాపు ఒక నిమిషం, పెంచండి.
6. నడిచాక నొప్పి అంకె రెండు కంటే ఎక్కువ పెరిగినా, ఆ పెరుగుదల మరునాటి ఉదయానికి కూడా తగ్గకపోయినా, ముందు వారం మోతాదుకు వెనక్కి వెళ్లండి.

నాలుగో అంశం దగ్గరే అందరూ తప్పుతారు. ‘ఈరోజు బాగుంది కదా’ అన్న మాట వినిపించినప్పుడు టైమరునే నమ్మండి.

ఇదే లెక్క ఇంటి పనికీ వర్తిస్తుంది. బట్టలుతకడం, కత్తిపీట ముందు కూర్చోవడం, కంప్యూటర్ ముందు కూర్చోవడం, పొయ్యి దగ్గర నిలబడటం, దేనికైనా నొప్పి పెరిగే సమయం కొలిచి, దానికంటే ముందే లేవండి లేదా కూర్చోండి. మోకాళ్ల నొప్పి ఉంటే కత్తిపీట పనిని బల్ల మీద చాకుతో చేసుకోవడం మేలు.

విశాఖలో ఎక్కడ నడవాలి:

- మొదటి నెల చదునైన గట్టి నేల కావాలి. బీచ్ రోడ్డు కాలిబాట, ఎంవీపీ కాలనీ లోపలి వీధులు, శివాజీ పార్కు వంటివి సరిపోతాయి. మధ్యలో కూర్చునే చోటు ఉండటం ముఖ్యం. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొంత భాగం వాహనాలకు మూసి ఉంటుంది, ఆ వేళ వాడుకోండి.
- పొడి ఇసుకలో పాదం కూరుకుపోతుంది. చీలమండ, పిక్క, మోకాలు రెట్టింపు కష్టపడతాయి. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది కానీ సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఒకే దిక్కున నడిస్తే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడి నడుము ఒక పక్కకు వంగుతుంది. మోతాదు ఇరవై నిమిషాలు దాటాకే తడి ఇసుక మీదికి వెళ్లండి, వెళ్లినంత దూరం తిరిగి వచ్చేలా నడవండి.
- కైలాసగిరి మెట్లు, సింహాచలం మెట్లు ఈ ఎనిమిది వారాల్లో వద్దు. మోకాలికి ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ భారం.
- మార్చి నుంచి జూన్ దాకా ఇక్కడి ఉక్కపోతలో ఉదయం ఏడు దాటాక నడవకండి. నడకకు ముందూ తర్వాతా నీళ్లు తాగండి.
- మడమ ఒక పక్కకు అరిగిన చెప్పులతో ఎంత నడిచినా లెక్క తప్పుతుంది. ముందు అవి మార్చండి.

8. నాలుగో వారం: బలం, ఆసనాలు

నడకకు నాలుగు కదలికలు కలపండి. వారానికి మూడు రోజులు, ఒక్కొక్కటి ఎనిమిది సార్లు.

- గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవడం. కష్టమైతే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచండి.
- వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం (సేతుబంధాసనం)
- చేతులు, మోకాళ్ల మీద ఆని వెన్ను పైకీ కిందికీ మెల్లగా కదపడం (మార్జాలాసనం). మోకాళ్లు నొస్తే బల్ల మీద చేతులు ఆనించి నిలబడి చేయవచ్చు.
- భుజాల రెక్కలను వెనక్కి దగ్గరగా లాగి ఐదు సెకన్లు ఉంచడం. మెడ నొప్పికి ఇది ముఖ్యం.

కాలిలోకి లాగే నడుము నొప్పి ఉంటే ముందుకు పూర్తిగా వంగే ఆసనాలు, మోకాళ్ల నొప్పి ఉంటే వజ్రాసనం, మెడ నొప్పి ఉంటే శీర్షాసనం, సర్వాంగాసనం వద్దు. ఎముకలు గుల్లబారినవారూ ముందుకు వంగకూడదు.

2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షలమంది చేసిన యోగా చూసి మొదలుపెట్టినవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. సంతోషం. కానీ అక్కడ చేయించినది ఆరోగ్యవంతుల కోసం కూర్చిన 45 నిమిషాల క్రమం. నొప్పి ఉన్నవారు గుంపుతో వేగం కలపడానికి ప్రయత్నిస్తే కుదరదు. గురువు కావాలనుకుంటే చేరేముందు ఇవి అడగండి: నా నొప్పికి ఏ ఆసనాలు మానిపిస్తారు? కుర్చీతో చేయిస్తారా? నొప్పి పెరిగితే ఏం చేయమంటారు? మాత్రలు మానేయమంటారా? చివరిదానికి ‘అవును’ అంటే వేరేచోట చూసుకోండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో యోగా విభాగం ఉంది, శిక్షణ పొందినవారి గురించి అక్కడ విచారించవచ్చు.

9. కాపడం, నూనె, పసుపు

కాపడం బిగుసుకున్న కండరానికి, పాత నొప్పికి. పదిహేను, ఇరవై నిమిషాలు, తువ్వాలు చుట్టిన సంచితో. నడకకు ముందు పెట్టుకుంటే ఒళ్లు సులువుగా కదులుతుంది. వాపు, వేడి ఉన్న కీలుకు మాత్రం గుడ్డలో చుట్టిన ఐసు, పది నిమిషాలు.

ఉప్పు మూట, ఇసుక మూట పెట్టుకునేవారు ముందు ముంజేతి లోపలి వైపు ఆనించి చూడాలి. పెనం మీంచి తీసిన ఉప్పు చాలాసేపు వేడి వదలదు. మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి చర్మం కాలుతున్నా తెలియదు. వేడి ఎంతో ఇంకొకరు చూడాలి, కాపడం పెట్టుకుని నిద్రపోకూడదు. వావిలాకు మరిగించిన నీళ్ల స్నానం హాయిగానే ఉంటుంది, ఆ హాయిలో పెద్ద వాటా వేడినీటిది. నొప్పి బామ్ రాసిన చోట కాపడం పెట్టవద్దు, చర్మం బొబ్బలెక్కుతుంది.

నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి పది నిమిషాలు మర్దన చేయడం మంచిదే. కలుక్కుమనిపించే మెడ తిప్పుళ్లు మాత్రం ఎవరితోనూ చేయించుకోకండి.

కూరలో పసుపు వేసుకోండి. క్యాప్సూల్ రూపంలో ఎక్కువ మోతాదులో తీసుకోవాలంటే, ముఖ్యంగా రక్తం పలచబడే మందులు వాడేవారు, కాలేయ సమస్య ఉన్నవారు, డాక్టరును అడగండి. పేరు, తయారీదారు వివరాలు లేని పొట్లాల పొడి రెండు రోజుల్లో మాయ చేసిందంటే దాన్ని ఇంకా ఎక్కువ అనుమానించాలి. అలాంటి వాటిలో స్టెరాయిడ్లు, సీసం వంటి లోహాలు బయటపడిన సందర్భాలున్నాయి.

10. మాత్రల సంగతి

వాడుతున్నవి సొంతంగా ఆపవద్దు. స్టెరాయిడ్లు, నరాల నొప్పి మందులు హఠాత్తుగా మానితే ప్రమాదం. అలాగని మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్లను నెలల తరబడి మింగడం కూడా కడుపులో పుండ్లకు, కిడ్నీ దెబ్బకు దారి. పుస్తకంలో వారానికి ఎన్ని బిళ్లలో లెక్క కట్టండి. తగ్గించే అవకాశం కనిపిస్తే ఆ పేజీతో డాక్టరు దగ్గరకు వెళ్లండి.

11. నొప్పి తిరగబెట్టిన రోజుకు చీటీ

ఇది బాగున్న రోజే రాసి గోడకు అంటించుకోవాలి. నొప్పిలో ఉన్నప్పుడు ఆలోచన సాగదు.

- మొదటి మెట్టులోని ప్రమాద సూచనలు ఉన్నాయా? ఉంటే ఆసుపత్రి.
- లేకపోతే ఐదు నిమిషాల శ్వాస, తర్వాత కాపడం
- నడక మోతాదు సగానికి. సున్నాకు కాదు.
- గంటకొకసారి లేచి ఇంట్లోనే రెండు నిమిషాలు తిరగడం
- ఇంట్లో ఎవరికి చెప్పాలి, ఏ పని వారికి అప్పగించాలి
- మూడో రోజుకు మామూలు మోతాదులో ముప్పావు వంతు, తర్వాత పూర్తిగా

పగలంతా పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు, నిద్ర చెడితే మరునాడు నొప్పి ఇంకా పదునెక్కుతుంది. పడుకున్నా ఇరవై నిమిషాలు దాటనీయకండి. నిద్ర లేచే సమయం ఏ రోజైనా ఒకటే ఉండాలి. మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ ఆపండి.

12. ఎనిమిదో వారం చివర

చివరి పేజీలో రాసుకున్న పని తీయండి. అందులో సగమైనా చేయగలుగుతుంటే ఇదే క్రమాన్ని కొనసాగించి, నడక పెంచుతూ పోండి. నొప్పి అంకె పెద్దగా మారకపోయినా పని పెరిగిందంటే దారి సరైనదే.

ఏమీ మారకపోతే ఫిజియోథెరపిస్టును కలవండి, పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆ విభాగం ఉంటుంది. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకాలనిపించకపోవడం ఉంటే ఎనిమిది వారాలు ఆగనక్కర్లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

డాక్టరుకు పుస్తకమంతా చూపిస్తే చదివే తీరిక ఆయనకు ఉండదు. మూడు పేజీలకు గుర్తు పెట్టుకుని వెళ్లండి: మొదటి వారంలో ఒక మామూలు రోజు, నొప్పి బాగా తిరగబెట్టిన రోజు, వారం వారం వేసుకున్న మాత్రల లెక్క.